ఐసీయూలో భయానికి కూడా వైద్యం చెయ్యండి: క్రిటికల్ కేర్ డాక్టర్లకు, ఆసుపత్రి యాజమాన్యాలకు బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఆసుపత్రుల్లో ఐసీయూలు చూస్తున్న డాక్టర్లకు, నర్సింగ్ సూపరింటెండెంట్లకు, యాజమాన్యాలకు

నమస్కారం.

మా నాన్న ఈరోజు మా మధ్య ఉన్నారంటే అది మీ వృత్తి చలవే. న్యుమోనియా ముదిరి సెప్సిస్ అయింది, అంటే ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీసే స్థితి. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో 16 రోజులు ఐసీయూలో ఉన్నారు, అందులో 7 రోజులు వెంటిలేటర్ మీద. ప్రాణం నిలబెట్టారు. ఆ సంగతి మరిచిపోయి రాస్తున్న లేఖ కాదిది.

కానీ ఆ 16 రోజులూ ఆయన ఎంత భయపడ్డారో అక్కడ ఎవరూ అడగలేదు. ఆ మాటే ఆ ఆసుపత్రికి మూడుసార్లు రాశాను. డిశ్చార్జి రోజు ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాశాను, నెల తర్వాత మెయిల్ పెట్టాను, ఆ తర్వాత స్పీడ్ పోస్టులో పంపాను. మెయిల్‌కి "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని ఒక్క లైను జవాబు వచ్చింది. పోస్టు అందినట్టు సంతకం ఉంది, అంతే. ఎనిమిది నెలలు ఆగాను. ఇప్పుడు మీ అందరికీ రాస్తున్నాను. ఆసుపత్రి పేరు రాయడం లేదు, ఎందుకంటే బయట కుర్చీల్లో మాతోపాటు రాత్రుళ్లు గడిపినవాళ్లలో వేరే ఆసుపత్రులు చూసొచ్చినవాళ్లు కూడా ఇవే మాటలు చెప్పారు.

నాన్న ఆర్టీసీలో 31 ఏళ్లు డ్రైవరుగా చేసి సత్తుపల్లి డిపోలో రిటైరయ్యారు. వెంటిలేటర్ తీసిన రెండో రోజు సాయంత్రం విజిటింగ్ టైములో లోపలికి వెళ్లాను. రెండు చేతులూ బ్యాండేజి గుడ్డతో మంచం రెయిలింగుకి కట్టి ఉన్నాయి. కళ్లజోడు లేదు. మొదటి రోజే దాన్ని, కట్టుడు పళ్లను ఒక పాలిథిన్ కవర్లో వేసి మా చేతికిచ్చేశారు. నాన్న కుడికాలు మంచం చివర బోర్డుకి ఆనించి, ఉన్న బలమంతా పెట్టి తొక్కుతున్నారు. మడమ ఒరుసుకుపోయి ఎర్రగా అయిపోయింది. వంగి నా చెవి ఆయన నోటి దగ్గర పెడితే వినిపించింది: "బ్రేకు పట్టట్లేదమ్మా. జనాన్ని దించెయ్యి."

పైన ఏసీ హోరు, పక్కన మానిటర్ మోత, రాత్రీ పగలూ ఒకేలా వెలిగే లైట్లు. ఆయన లెక్కలో అది ఘాట్ రోడ్డు మీద దిగుతున్న బస్సు. చేతులు కట్టేసి ఉన్నాయి కాబట్టి స్టీరింగు అందడం లేదు. ఎన్ని గంటలుగా అలా తొక్కుతున్నారో నాకు తెలీదు. అడిగితే సిస్టర్, "పేషెంట్ కోఆపరేట్ చెయ్యట్లేదు మేడమ్, రాత్రి మత్తు ఇచ్చాం" అంది. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. మూడు మంచాలు ఒక్కతే చూస్తోంది. చేతులు ఎందుకు కట్టారో కూడా నాకు తెలుసు. ట్యూబులు పీక్కుంటే ప్రాణానికే ప్రమాదం. అయితే ఎందుకు కట్టారో నాన్నకి చెప్పినవాళ్లు ఒక్కరు కూడా లేరు.

జబ్బు తీవ్రతలో వచ్చే ఆ అయోమయాన్ని డెలీరియం అంటారని ఇంటికొచ్చాక చదివితే తెలిసింది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో సగానికి పైగా మందికి ఇది వస్తుందట. మాట్లాడలేని పేషెంటులో కూడా దీన్ని కొద్ది నిమిషాల్లో గుర్తుపట్టడానికి 'క్యామ్-ఐసీయూ' అనే పరీక్ష 2001 నుంచి ఉంది. మిడజోలామ్, లోరాజెపామ్ లాంటి మత్తుమందుల కంటే వేరే మందులు మేలని అమెరికా క్రిటికల్ కేర్ డాక్టర్ల సంఘం 2018 మార్గదర్శకాల్లోనే ఉంది. ఇవన్నీ నేను మీకు చెప్పడమేమిటి, మీరు చదివి పాసైనవే. నా బాధ అదే. పుస్తకంలో ఉన్నది మంచం దాకా రాలేదు.

పన్నెండో రోజు రాత్రి డ్యూటీలో ఒక పెద్ద వయసు సిస్టర్ ఉన్నారు. నేను గేటు దగ్గర ఏడుస్తుంటే చూసి, చేతులు కడిగించి, గౌను వేయించి, "పది నిమిషాలు" అని లోపలికి తీసుకెళ్లారు. కళ్లజోడు పెట్టమన్నారు. పెట్టాను. తమ్ముడు మా ఊరి చెరువు కట్ట మీద బైకు నడుపుతూ తీసిన నాలుగు నిమిషాల వీడియో నా ఫోన్లో ఉంది. నాన్న ముఖానికి దగ్గరగా పట్టుకుని, సౌండు కొంచెం పెట్టి చూపించాను. మొదట చూపు ఎక్కడో ఉంది. కట్ట మలుపు దగ్గర రావిచెట్టు రాగానే కళ్లు దాని మీద ఆగాయి. తొక్కుతున్న కాలు మెల్లగా వదులైంది. మానిటర్ మీద గుండె వేగం 122 నుంచి 98కి దిగడం నేను, సిస్టర్ ఇద్దరం చూశాం. "మన చెరువే" అన్నారు నాన్న. కాసేపాగి, "నేనెక్కడున్నాను?" అని అడిగారు.

పన్నెండు రోజుల్లో ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. సిస్టర్ మంచం పక్కన వంగి ఆయన చెయ్యి పట్టుకుని, ఊరి పేరు, ఆసుపత్రి పేరు, వారం, తేదీ, వచ్చిన జబ్బు, తగ్గిన సంగతి, చేతులు ఎందుకు కట్టామన్నది ఒక్కొక్కటీ చెప్పారు. చెప్పి, నేను పట్టుకుని ఉంటానంటే ఒక చేతి కట్టు విప్పారు. ఆ రాత్రి నాన్న మత్తు లేకుండా నాలుగు గంటలు పడుకున్నారని మర్నాడు విన్నాను.

ఆ నాలుగు నిమిషాల వీడియో వల్లే నేను వర్చువల్ రియాలిటీ గురించి వెతకడం మొదలుపెట్టాను. కళ్లకు పెట్టుకునే ఆ హెడ్‌సెట్లు మన పిల్లలు ఆటలకు వాడేవే. తల తిప్పిన వైపల్లా దృశ్యం తిరుగుతుంది కాబట్టి మనిషి కాసేపు ఆ గదిలోంచి బయటికి వెళ్లినట్టే ఉంటుంది. ఇది కొత్త సంగతేమీ కాదు. అమెరికాలో సియాటిల్‌లోని హార్బర్‌వ్యూ బర్న్ సెంటర్‌లో కాలిన గాయాలకు కట్లు మార్చేటప్పుడు పేషెంట్లకు ఇలాంటి దృశ్యాలు చూపించడం 1990ల చివర్లోనే మొదలైంది. ఐసీయూ మంచం మీద ఉన్నవాళ్లకు ప్రశాంతమైన దృశ్యాలు చూపించి ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు 2020లో ఫలితాలు ప్రచురించారు, పేషెంట్లలో ఆందోళన తగ్గింది. స్విట్జర్లాండ్‌లో బెర్న్ ఆసుపత్రి కూడా గుండె ఆపరేషన్ అయినవాళ్లతో ఇలాంటి పనే చేసింది.

వీటన్నిటిలో నా మనసుకు తగిలింది నెదర్లాండ్స్‌లో రోటర్‌డామ్ ఎరాస్మస్ వైద్యకేంద్రం చేసిన పని. వాళ్లు కొండలు, సముద్రాలు చూపించలేదు. ఐసీయూనే చూపించారు. మంచం మీద పడుకున్న మనిషి కంటికి కనిపించేట్టు వీడియో తీసి, ఇది మానిటర్, ఇది వెంటిలేటర్, ఈ మోత ఇందుకు వస్తుంది, ఈ ట్యూబు ఇందుకు వేస్తాం అని నిదానంగా చెప్పించారు. గండం గడిచి ఐసీయూ నుంచి బయటికొచ్చినవాళ్లకు దాన్ని చూపించారు. సెప్సిస్ నుంచి బయటపడ్డ కొద్దిమందితో చేసిన ప్రయోగంలో తర్వాతి రోజుల్లో మానసిక బాధ తగ్గింది. కోవిడ్ పేషెంట్లతో చేసినప్పుడు అంత తేడా రాలేదు గానీ, తమకు అందిన వైద్యం మీద తృప్తి పెరిగింది. నాన్న "నేనెక్కడున్నాను?" అని అడిగినదానికి జవాబు ఇలాంటి వీడియోలో ఉంటుంది.

పరిమితులు కూడా చెప్పాలి. ఈ ప్రయోగాలన్నీ చిన్నవి. నేను పైన చెప్పిన 2018 మార్గదర్శకాలే, నొప్పి కోసమైతే వర్చువల్ రియాలిటీ వాడమని చెప్పలేమని, ఆధారాలు చాలవని రాశాయి. కాబట్టి ఇది మంత్రదండం అని నేను అనడం లేదు. పూర్తి అయోమయంలో ఉన్న మనిషికి ఇది పెడితే ఇంకా బెదిరిపోవచ్చు. ఫిట్స్ ఉన్నవాళ్లకు, ముఖం మీద గాయాలున్నవాళ్లకు, మాస్కుతో గాలి పంపే బైప్యాప్ మిషను పెట్టినవాళ్లకు కుదరదు. కొందరికి వికారం వస్తుంది. ఎవరికి పెట్టాలో, ఎవరికి వద్దో మీరే తేల్చాలి. నేను అడిగేది ఆ తేల్చే పని మొదలుపెట్టమని.

ఐసీయూలో పట్టించుకోని భయం ఇంటికి వచ్చాక ఏం చేస్తుందో మీరు చూడరు. మేం చూస్తాం. అందుకే రాస్తున్నాను.

1. వీధిలో ఆటో వెనక్కి తీస్తే వచ్చే బీప్ బీప్ మోతకు నాన్న ఉలిక్కిపడి లేచి కూర్చుంటారు. జీవితమంతా బండ్ల మోతలో బతికిన మనిషి. అది మానిటర్ మోతలా వినిపిస్తుందట. రాత్రి లైటు తియ్యనివ్వరు. ఇంటికొచ్చి ఎనిమిది నెలలైంది. ఐసీయూ నుంచి బయటపడ్డవాళ్లలో ముగ్గురిలో ఒకరికి మొదటి ఏడాదిలో ఇలాంటి ఆందోళన ఉంటుందని, అయిదుగురిలో ఒకరికి దాకా జరిగింది పదే పదే కళ్లముందుకొచ్చే పీటీఎస్‌డీ లక్షణాలు ఉంటాయని విదేశీ అధ్యయనాలు చెబుతున్నాయి. 2010లోనే డాక్టర్లు కూర్చుని దీనికి 'పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. మా చేతికిచ్చిన నాలుగు పేజీల డిశ్చార్జి సమ్మరీలో ఆ పేరు గానీ, డెలీరియం అన్న మాట గానీ లేదు.

2. ఆ మాట లేకపోవడం వల్ల మా బంధువులు "మతి చెడింది" అన్నారు, "ఏదో గాలి సోకింది" అన్నారు. అమ్మ తాయెత్తు కట్టించింది. ఒకాయన దగ్గరికి నాలుగుసార్లు తీసుకెళ్లి పదకొండు వేలు ఇచ్చి వచ్చింది. అమ్మది అమాయకత్వం అనకండి. ఆమెకు ఇంకో కారణం ఎవరు చెప్పారు?

3. రాత్రి పక్కన మనిషి ఉండాలి. తమ్ముడు ఖమ్మంలో మొబైల్ షాపులో పని మానేసి మూడు నెలలు ఊళ్లో ఉన్నాడు. అప్పు చేసి ఆసుపత్రి బిల్లు కట్టిన ఇంట్లో జీతం కూడా ఆగిపోయింది. బిల్లులో కనిపించని ఈ ఖర్చు మీ లెక్కల్లోకి ఎప్పుడూ రాదు.

4. అన్నిటికంటే పెద్దది ఇది. నాన్న ఇప్పుడు ఆసుపత్రి మెట్లెక్కనంటున్నారు. ఊపిరితిత్తులకు సీటీ స్కాన్ తీయించి రివ్యూకి రమ్మని మీరే రాశారు. రెండుసార్లు తేదీ దాటిపోయింది. "మళ్లీ కట్టేస్తారు" అంటారు. మీరు బతికించిన మనిషి మీ దగ్గరికే రానంటున్నారు.

మీరు చెప్పబోయే ఇబ్బందులు నాకు తెలుసు. నర్సులు చాలరు. నిజమే, చాలరు. అందుకే హెడ్‌సెట్ పెట్టే పని నర్సు నెత్తిన వెయ్యమని అనడం లేదు. ఫిజియోథెరపిస్టు గానీ, శిక్షణ ఇచ్చిన ఒక కౌన్సెలర్ గానీ రోజుకి ఒక రౌండు వేస్తే చాలు. ఇన్‌ఫెక్షన్ భయం ఉంది. హెడ్‌సెట్ పట్టీల కింద ఒక్కసారి వాడి పారేసే కవర్లు వేస్తారు, అద్దాలు తుడుస్తారు. మీ అల్ట్రాసౌండ్ ప్రోబ్ కూడా ఒకరి నుంచి ఇంకొకరికి వెళ్తుంది, శుభ్రం చేసే వాడుతున్నారు కదా. ఖర్చు మాట తీయకండి దయచేసి. ఒక హెడ్‌సెట్ ఖరీదు మంచి స్మార్ట్‌ఫోన్ అంత. మా బిల్లులో ఒక్క రోజు ఐసీయూ ఖర్చు కూడా అందుకు తీసిపోదు.

బంధువుల్ని రానిస్తే ఇన్‌ఫెక్షన్లు పెరుగుతాయన్న మాటకు కూడా ఒక జవాబు ఉంది. బ్రెజిల్‌లో 36 ఐసీయూల్లో ఇంటివాళ్లను రోజుకి 12 గంటల వరకు పక్కన ఉండనిచ్చి చూశారు. 2019లో ఫలితాలు వచ్చాయి. డెలీరియం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, ఆ మాటా చెప్పాలి. కానీ ఇన్‌ఫెక్షన్లు పెరగలేదు, ఇంటివాళ్లలో ఆందోళన, దిగులు బాగా తగ్గాయి. మాకు ఇచ్చింది పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు, ఒకరికి మాత్రమే.

కాబట్టి మేం కోరేవి ఇవి.

1. కళ్లజోడు, చెవి మిషను పేషెంటు దగ్గరే ఉంచండి. మంచానికి ఒక డబ్బా పెట్టి పేరు రాయండి. చూపు, వినికిడి లేని మనిషికి ఏ హెడ్‌సెట్ పెట్టీ లాభం లేదు. దీనికి పైసా ఖర్చు లేదు, రేపు పొద్దున నుంచే చెయ్యొచ్చు.

2. ప్రతి షిఫ్టులో ఒకసారి డెలీరియం పరీక్ష చేసి కేస్ షీటులో రాయండి. ఉంటే ఆ మాట ఇంటివాళ్లకు తెలుగులో చెప్పండి. "కోఆపరేట్ చెయ్యట్లేదు" అని చెప్పకండి.

3. చేతులు కట్టాల్సి వస్తే, కట్టేవాళ్లు ఎందుకో ఆ మనిషికే చెప్పాలి. మత్తులో ఉన్నా చెప్పాలి. ఇంటివాళ్లకు ముందే తెలియాలి. ఎన్ని గంటలు కట్టి ఉంచారో రాయాలి.

4. రాత్రి పదకొండు నుంచి అయిదు దాకా అవసరం లేని లైట్లు తీసెయ్యండి, అలారాల మోత తగ్గించండి. ఆసుపత్రి గదుల్లో రాత్రి సగటు చప్పుడు 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే రాసింది. ఐసీయూల్లో అది మామూలుగా 50 పైనే ఉంటుంది. గోడకి పెద్ద అంకెల గడియారం, తెలుగు క్యాలెండరు పెట్టండి.

5. వర్చువల్ రియాలిటీని ఒక పద్ధతి ప్రకారం పరీక్షించండి. రెండు రాష్ట్రాల్లో ఒక్కొక్క బోధనాసుపత్రి ముందుకొచ్చినా చాలు. స్పృహలో ఉండి, అడిగితే తలూపగలిగినవాళ్లతో, వాళ్ల ఒప్పుకోలుతో, పది పదిహేను నిమిషాలతో మొదలుపెట్టండి. వద్దని చెయ్యి ఎత్తితే వెంటనే తీసెయ్యాలి. ముందూ తర్వాతా ఆందోళన ఎంత ఉందో కొలవండి. ఫలితం బాగున్నా, బాగోకపోయినా బయటపెట్టండి. పేపర్లో ఫొటో కోసం ఒకరోజు పెట్టి బీరువాలో దాచేదైతే అసలు కొనకండి.

అందులో చూపించేవి మనవై ఉండాలి. స్విస్ మంచుకొండల్ని చూపిస్తే మా నాన్నకి ఏం తెలుస్తుంది? పాపికొండల మధ్య లాంచీ, భద్రాచలం కరకట్ట, సాయంత్రం పూట చెరువు గట్టు, వరి కోత, అరకు రైలు చూపించండి. ఆ పక్కనే రోటర్‌డామ్ తరహాలో మీ ఐసీయూ గురించి చెప్పే అయిదు నిమిషాల తెలుగు వీడియో ఒకటి తియ్యండి. మాట్లాడేది ఆ వార్డులో పనిచేసే సిస్టరే అయితే ఇంకా మంచిది, తర్వాత ఆ గొంతు గుర్తుంటుంది. చదువు రాని పేషెంటుకి కూడా అది అందుతుంది. ఐసీయూలో చూపించడం కుదరనివాళ్లకు వార్డుకి మార్చాక చూపించండి.

6. మంచం పక్కన ఒక నోటుబుక్కు ఉంచండి. ఈరోజు ఏం జరిగింది, ఎవరు వచ్చారు అని సిస్టర్, ఇంటివాళ్లు రెండు వాక్యాలు రాస్తే చాలు. స్కాండినేవియా దేశాల్లో ఇది చాలా ఏళ్లుగా ఉంది. యూరప్‌లో 12 ఆసుపత్రుల్లో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, డైరీ ఇచ్చినవాళ్లలో పీటీఎస్‌డీ 5 శాతం మందికే వచ్చింది, ఇవ్వనివాళ్లలో 13 శాతం మందికి వచ్చింది. ఫ్రాన్స్‌లో 2019 నాటి పెద్ద అధ్యయనంలో ఆ తేడా కనిపించలేదు. అయినా నేను అడుగుతున్నాను. తన జీవితంలోంచి పోయిన ఆ 16 రోజుల్లో ఏం జరిగిందో నాన్న ఇప్పటికీ నన్ను అడుగుతూనే ఉంటారు, నాకు తెలిసింది రోజుకి ఇరవై నిమిషాలే.

7. డిశ్చార్జి సమ్మరీలో ఒక పేరా: ఐసీయూ తర్వాత నిద్ర పట్టకపోవడం, పీడకలలు, భయం, మరుపు రావచ్చు, ఇది పిచ్చి కాదు, ఇలా వస్తే ఎవరిని కలవాలి అని. కింద ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416 అచ్చు వెయ్యండి. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మాకు ఆ నంబరు ఆరో నెలలో ఒక ఆశా కార్యకర్త చెప్పింది.

8. ఇది రెండు ప్రభుత్వాలకు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఐసీయూలో అయిదు రోజులు దాటి ఉన్నవాళ్లందరికీ మూడో నెలలో, ఆరో నెలలో ఒక్కొక్కసారి మానసిక పరీక్ష, కౌన్సెలింగ్ ఇప్పించండి. అది జిల్లా ఆసుపత్రిలో జరగాలి, హైదరాబాద్ రమ్మంటే ఎవరూ రారు.

ఈ ఎనిమిదింటిలో నాలుగైదు ఖర్చు లేనివి. వాటి మీద మీ నిర్ణయం నెల రోజుల్లో మీ ఐసీయూ తలుపు బయట నోటీసుగా పెట్టండి, మా కుర్చీలు అక్కడే ఉంటాయి కాబట్టి చదువుకుంటాం. మీ నర్సుల్లో, రెసిడెంట్ డాక్టర్లలో ఈ మాటలతో ఏకీభవించేవాళ్లు చాలామంది ఉన్నారని నాకు తెలుసు, ఆ రాత్రి సిస్టర్ లాంటివాళ్లు. దయచేసి మీటింగుల్లో నోరు విప్పండి. మీరు అడిగితే వింటారు.

పోయిన వారం పక్కింటి అబ్బాయి హెడ్‌సెట్ తెచ్చి నాన్నకి పెట్టాడు. తమ్ముడు చెరువు కట్టని ఈసారి చుట్టూ కనిపించేలా కెమెరాతో తీశాడు. నాన్న కుర్చీలో కూర్చుని అటూ ఇటూ తల తిప్పి చూసి, రావిచెట్టు దగ్గరికి రాగానే చెయ్యి చాచారు. తీసేశాక, "అప్పుడు ఇది పెట్టి ఉంటే నేను బస్సు తోలేవాణ్ణి కాదు" అన్నారు. రివ్యూకి వెళ్దాం నాన్నా అంటే మాత్రం లేచి లోపలికి వెళ్లిపోయారు.

వచ్చే నెల 10 లోపు స్కాన్ తీయించాలి. కట్టరని, కట్టినా ఎందుకో చెప్పి కడతారని ఆయనకు మాట ఇవ్వాలంటే ముందు మీరు నాకు ఆ మాట ఇవ్వాలి.

ఇట్లు,
ఐసీయూ నుంచి ఇంటికి వచ్చిన ఒక ఆర్టీసీ డ్రైవరు కూతురు
సత్తుపల్లి, ఖమ్మం జిల్లా